శుక్రుడి మబ్బుల్లో మెరుపు కోసం

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా ఆయన నా బదులు జవాబు చెప్పేవారు: "ఆకాశంలో జరిగే గలాటా వింటుంది." అందులో అబద్ధమేమీ లేదు. సువాలో ఒక కొండ వాలు మీద యాంటెన్నా పెట్టుకుని, ఫిజీ చుట్టుపక్కల సముద్రం మీద పడే మెరుపులను రేడియోలో వినడం నా పనిలో సగం. మిగతా సగం శుక్రుడి చుట్టూ తిరిగే ఒక వ్యోమనౌకలోని యాంటెన్నాతో అక్కడి మబ్బుల్లో మెరుపు ఉందా లేదా అని వెతకడం. ఆ రెండో సగం తలుచుకుంటే ఈ వయసులోనూ నాకు కుర్చీలో కుదురుగా కూర్చోబుద్ధి కాదు.

ఈ మధ్య మా తెలుగువాళ్ళ సంఘం హాలులో పూజ అయ్యాక ఒక అమ్మాయి నా పక్కన చేరింది. ఫిజిక్స్ చదువుతోందట. "ఆంటీ, ఆ పనిలో చేరితే అసలు రోజూ ఏం చేయాలి?" అని అడిగింది. ప్రసాదం తింటూ చెప్పేంత చిన్న జవాబు కాదది. అందుకే రాస్తున్నాను. ఏ సంవత్సరం ఏ పదవి వచ్చింది, ఏ కమిటీలో కూర్చున్నాను వంటివి ఇందులో ఉండవు. నాకు పని నేర్పిన మనుషులూ సంఘటనలూ మాత్రమే ఉంటాయి.

మిల్లు పక్కన యాంటెన్నా

నేను పుట్టింది ఫిజీలోనే, బా పట్టణం దగ్గర రారవాయిలో. నాయన చక్కెర మిల్లులో రసం కాచే చోట పనిచేసేవాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి కొత్త జెండా ఎగిరినప్పుడు నేను చిన్న తరగతిలో ఉన్నాను. ఇంట్లో మాట ఫిజీ హిందీ. తెలుగు అక్షరాలు సంఘం బడిలో దిద్దాను, తెలుగు మాట మేనత్త దగ్గర విన్నాను, మిగతాది పుస్తకాల్లో వెతుక్కున్నాను.

చదువు అయ్యాక సువాలో విశ్వవిద్యాలయంలో ఒక ప్రొఫెసర్ గారి దగ్గర సహాయకురాలిగా చేరాను. ఆయన విదేశీయుడు, పొడుగు మనిషి, పొద్దున్నే గట్టిగా పాడుతూ వచ్చేవారు. మెరుపు పడినప్పుడు వెలుతురుతో పాటు రేడియో తరంగం కూడా పుడుతుంది. అది సముద్రాలు దాటి చాలా దూరం పోతుంది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు వినిపిస్తుంది. వాటిలో కొన్ని భూమి అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుని అంతరిక్షంలోకి ఎక్కి, భూగోళానికి అవతలి వైపు దిగుతాయి. అంత దూరం వెళ్ళి వచ్చేసరికి ఆ చప్పుడు సాగిపోయి, పైనుంచి కిందికి జారే ఈలలా మారుతుంది. మొదటిసారి ఆ ఈల విన్నప్పుడు నేను హెడ్‌ఫోన్లు తీసి, గదిలో ఎవరు ఈల వేశారా అని చుట్టూ చూశాను. ప్రొఫెసర్ గారు పొట్ట పట్టుకుని నవ్వారు.

ఆయన రారవాయి దగ్గర స్థలం దొరికిందని అక్కడ రెండో యాంటెన్నా వేయించారు. వేసిన రోజు నుంచి చిటపటలే చిటపటలు. వాన చుక్క లేని నెలల్లో కూడా ఆగలేదు. దూరంలో ఎక్కడో పెద్ద తుఫాను మేఘాలు ఉండి ఉంటాయని ఆయన ఒక వ్యాసం మొదలుపెట్టారు. ఆ ఏడాది మిల్లులో చెరకు ఆడడం ముగిసిన వారం, యాంటెన్నా ఒక్కసారిగా మూగబోయింది. నేను కాగితాలు ఆయన ముందు పెట్టి, చెరకు సీజన్ మొదలైన రోజూ ముగిసిన రోజూ వేలితో చూపించాను. మిల్లు మోటార్ల చప్పుడు అది. ఆయన కాసేపు చూసి, "పార్వతీ, మనం ఇన్నాళ్ళూ చక్కెర విన్నామన్నమాట!" అని మళ్ళీ పొట్ట పట్టుకుని నవ్వి, వ్యాసం చించి బుట్టలో వేశారు.

నేను చూసిన పై అధికారుల్లో ఆయన అంత తేలిగ్గా తన మాట వదులుకున్నవాళ్ళు తక్కువ. ఎనభైల చివర సైన్యం ప్రభుత్వాన్ని కూల్చిన కూ జరిగాక చాలామంది లాగే ఆయన కూడా దేశం వదిలి వెళ్ళిపోయారు. యాంటెన్నా, రిసీవర్ల గది, టెక్నీషియన్ ఎపేలి నా చేతికి వచ్చాయి. ఎపేలి తైలేవు ప్రాంతపు ఫిజీయన్. కొబ్బరి చెట్టు ఎక్కినంత సులువుగా స్తంభాలెక్కేవాడు. నన్ను 'సిస్' అని పిలిచేవాడు. ముప్పై ఏళ్ళకు పైగా కలిసి పనిచేశాం.

ఫిజీ మీదుగా వెళ్ళిన నౌక

శుక్రుడిని మబ్బులు పూర్తిగా కప్పేసి ఉంటాయి. నీటి మబ్బులు కావవి, గంధకామ్లపు మబ్బులు. అలాంటి మబ్బుల్లో మెరుపు పుడుతుందా అన్నది మా రంగంలో పాత తగువు. అంతకు ముందు వెళ్ళిన నౌకల్లో కొన్ని ఏదో విన్నామన్నాయి, కొన్ని ఏమీ లేదన్నాయి. ఈ తగువు తేల్చడానికి కొత్త నౌక ఒకటి బయలుదేరింది. దాని రేడియో పరికరం బాధ్యత హెన్రిక్ అనే శాస్త్రవేత్తది. సన్నగా, ఎప్పుడూ తొందరలో ఉండే మనిషి. ఆయన ఒకరోజు ఫోన్ చేశాడు.

"మా నౌక వేగం కోసం భూమి పక్కగా ఒకసారి దూసుకుపోతుంది. మీ పసిఫిక్ మీదుగా, చీకటి పడ్డాక. కింద ఆ సమయంలో మెరుపులు వినగలవాళ్ళు కావాలి."

"ఎందుకు?" అన్నాను.

అవతల తలుపు మూసిన చప్పుడైంది. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. నౌకలో మడిచి పెట్టిన యాంటెన్నా చేయి ఒకటి పూర్తిగా విచ్చుకోలేదేమోనని అనుమానం. భూమి మీద మెరుపులనే అది వినలేకపోతే శుక్రుడి దగ్గరికి వెళ్ళి చేసేదేమీ లేదు. అప్పుడు పరికరాన్ని ఆపేసి దాని కరెంటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. పదేళ్ళ చాకిరీ ఆ ఒక్క సాయంత్రం మీద ఆధారపడి ఉంది.

సమయం భలే కుదిరింది. అది వానాకాలం. కానీ ఆ మధ్యాహ్నం సువా మీద ఆకాశం తళతళలాడుతోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. వనువా లేవులోని సెయంగంగాలో మా మేనత్త చెరకు తోట ఉంది. ఆమెకు ఫోన్ చేశాను.

"అత్తా, మీ వైపు మబ్బు పట్టిందా?"

"అరే, బాదర్ బహుత్ కాలా ఉంది అమ్మీ! గాలి కూడా చాలా మార్తా ఉంది. క్యారియర్ వాడు కూడా ట్రక్ ఆపి మా ఇంట్లో కూచున్నాడు. కాహే, ఏమైంది?"

"మెరుపు వస్తే నాకు చెప్పు. ఫోన్ పెట్టేయకు."

"నీకు సువాలో వేరే కామ్ లేదా?" అంది. కానీ పెట్టేయలేదు.

చీకటి పడింది. ఎపేలి రిసీవర్ ముందు, నేను ఫోన్ చెవికి ఆనించుకుని పక్కన. నౌక మా ఆకాశంలోకి వచ్చే వేళ దగ్గరపడుతోంది. ఫోన్‌లో వాన చప్పుడు పెరిగింది. ఉన్నట్టుండి మా స్పీకర్‌లో టప్పుమంది, ఆ వెంటనే అత్త గట్టిగా అరిచింది: "అరే బాప్! మెరిసింది! కొండ పైన మొత్తం తెల్లగా అయిపోయింది!" ఆ మాట పూర్తి కాకముందే మా స్పీకర్‌లో మళ్ళీ టప్పుమంది. ఎపేలి బల్ల మీద చెయ్యి కొట్టాడు. "ఇంకోటి! ఇంకోటి!" అని అత్త అరుస్తూనే ఉంది, మా స్పీకర్ టప్పుమంటూనే ఉంది. కాసేపటికి, "బత్తి పోయింది అమ్మీ, ఇల్లంతా అంధేరా," అని ఫోన్ కట్ అయింది.

నౌక రాసుకున్నది మాకు చేరడానికి రెండు రోజులు పట్టింది. మా పటాన్నీ నౌక పటాన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టాం. తరంగం అంత దూరం ఎక్కడానికి పట్టే సమయం తీసేస్తే, అత్త అరిచిన మెరుపులు ఒక్కొక్కటీ నౌక పటంలో నిలబడి ఉన్నాయి. హెన్రిక్‌కు ఫోన్ చేసి "మీ యాంటెన్నా బాగానే వింటోంది. మా అత్త సాక్ష్యం" అన్నాను. అవతల ఎవరో ఏడుస్తున్నట్టు వినిపించింది. అతనే.

ఆ సాయంత్రం ఎపేలి యాంగోనా వేరు పొడిని నీళ్ళలో కలిపాడు. తెలిసినవాళ్ళందరం చాప మీద చుట్టూ కూర్చుని కొబ్బరి చిప్పలో తాగాం. నన్ను శుక్రుడి జట్టులోకి తీసుకున్నారన్న కబురు అక్కడే వచ్చింది.

ఈ గోల ఎవరిది?

నౌక శుక్రుడి కక్ష్యలో చేరిన మొదటి నెలలోనే చప్పుళ్ళు వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, గుంపులు గుంపులుగా. హెన్రిక్ ఆనందానికి హద్దు లేదు. పత్రికలకు ప్రకటన సిద్ధం చేయమన్నాడు. జట్టులో అందరం కంప్యూటర్ తెరల ముందు ఒకరినొకరు అభినందించుకున్నాం. నేనూ చేతులెత్తి అరిచినదాన్నే.

మర్నాడు ఆ చప్పుళ్ళను హెడ్‌ఫోన్లలో వింటుంటే నాకు రారవాయి గుర్తొచ్చింది. మెరుపు తాళం వేసినట్టు రాదు. ఒకసారి వస్తుంది, ఆగుతుంది, మళ్ళీ రెండుసార్లు గబగబా వస్తుంది. ఇవి మాత్రం ఎవరో డప్పు కొట్టినట్టు వరుసగా వస్తున్నాయి. అవి ఎప్పుడెప్పుడు వచ్చాయో నౌక దారి మీద గుర్తుపెట్టి చూశాను. నౌక శుక్రుడి నీడలోంచి ఎండలోకి వచ్చిన ప్రతిసారీ మొదలవుతున్నాయి. సౌర ఫలకాల మీద ఎండ పడగానే కరెంటు సర్దుబాటు చేసే పెట్టె చేసే గోల అది.

హెన్రిక్‌తో చెప్పాను. అతను చాలా కోప్పడ్డాడు.

"నీడ అంచున మెరుపులు ఎక్కువ ఉండకూడదని ఎక్కడైనా రాసి ఉందా?"

"లేదు. కానీ ఫలకాలను కొంచెం పక్కకు తిప్పి చూడండి. మెరుపైతే అలాగే ఉంటుంది."

"దానికి నేను ఎంతమంది కాళ్ళు పట్టుకోవాలో తెలుసా?" అని ఫోన్ పెట్టేశాడు.

అయినా పట్టుకున్నాడు. ఫలకాలు తిప్పించాడు. గోల ఆగిపోయింది. జట్టు మొత్తానికి తనే రాశాడు: "అది మెరుపు కాదు, మన నౌకే. ప్రకటన రద్దు." మా ప్రొఫెసర్ గారు తప్ప కోపం రాని పెద్దను నేను చూడలేదు. కోపం తగ్గకముందే పరీక్ష పెట్టించే పెద్ద దొరికితే మాత్రం అతన్ని వదలకండి. ఈ వృత్తిలో అతనికి మించిన అదృష్టం లేదు.

ఖాళీ టేపులు

ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. ఏళ్ళు గడిచాయి. ఆ కరెంటు పెట్టె చేసే గోల తీసేయడం నేర్చుకున్నాం, నౌకను తిప్పే చక్రాల గోల తీసేయడం నేర్చుకున్నాం. అన్నీ తీసేశాక మిగిలింది నిశ్శబ్దం. నౌకా ముసలిదైంది. ఫలకాల బలం తగ్గింది. ఏ పరికరం ఆపేయాలో నిర్ణయించడానికి సమావేశం పెట్టారు. మొదటి పేరు మాదే.

మా నిశ్శబ్దానికి ఒక కారణం ఉండవచ్చని నాకు తెలుసు. శుక్రుడికి భూమిలా సొంత అయస్కాంత క్షేత్రం లేదు. సూర్యుడి నుంచి వచ్చే క్షేత్రమే దుప్పటిలా గ్రహం మీద అడ్డంగా పరుచుకుంటుంది. కింద మెరుపు పుట్టినా దాని తరంగం ఆ దుప్పటి దాటి పైకి రాలేదు. అప్పుడప్పుడు మాత్రం కొంతసేపు ఆ క్షేత్రం కిందికి వంగుతుంది. ఆ కాసేపే తలుపు తెరుచుకున్నట్టు. మా రిసీవర్ పని చేసే సమయానికి తలుపు తెరిచి ఉండటం అరుదు.

సమావేశంలో నా వంతు వచ్చింది. సువా నుంచి తెర మీద మాట్లాడుతున్నాను, బయట వాన. "మమ్మల్ని గడియారం ప్రకారం వినమనకండి. నౌక మీద అయస్కాంత క్షేత్రం కొలిచే పరికరం ఉంది కదా? క్షేత్రం కిందికి వంగిందని అది చెప్పినప్పుడే మా రిసీవర్ మేలుకునేలా చేయండి. తక్కినప్పుడు నిద్రపోనివ్వండి. ఇప్పుడు తినే కరెంటులో చాలా కొంచెం చాలు."

ఒక పెద్దమనిషి అడిగాడు: "అది పనిచేస్తుందని మీకు నమ్మకమేమిటి?"

"ఇక్కడ మా స్టేషన్‌లో ఇలాగే చేస్తాం. తుఫాను దగ్గర పడినప్పుడే పెద్ద రికార్డర్ తిరుగుతుంది. ఎపేలి కట్టాడు, నా పక్కనే ఉన్నాడు, అడగండి."

ఎపేలి తెరలోకి తొంగి చూసి, మా ఫిజీ పలకరింపుతో, "బులా! పనిచేస్తుంది," అన్నాడు. అందరూ నవ్వారు. ఒప్పుకున్నారు.

చిన్న చిటుకు

కొత్త ఆదేశాలు నౌకకు పంపిన తర్వాత కొన్ని వారాలకు, ఒక పొద్దున టీ కప్పుతో గదిలోకి వచ్చి ఆ రోజు ఫైలు తెరిచాను. తలుపు తెరిచినట్టు క్షేత్రం నిట్టనిలువుగా కిందికి వంగి ఉంది. రిసీవర్ మేలుకుంది. ఒక చిటుకు. కాస్త ఆగి ఇంకోటి. ఆ వెంటనే రెండు, గబగబా. క్షేత్రం మళ్ళీ అడ్డం పడగానే నిశ్శబ్దం.

శుక్రుడి దగ్గర దారి చిన్నది కాబట్టి భూమి మీది ఈలలా అది సాగదు. చిటుకుమనే అంటుంది. అలాగే ఉండాలని మేమెప్పుడో లెక్కగట్టి పెట్టుకున్నాం. టీ కప్పు ఎక్కడ పెట్టానో నాకు తెలియదు. ఎపేలిని కేకేశాను. అతను హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు, కళ్ళు పెద్దవి చేశాడు, నెమ్మదిగా తీసి అన్నాడు:

"సిస్, ఇది మన నౌక కాదు."

"ముందు చూద్దాం ఉండు."

చూశాం. నౌక ఎండలోనూ లేదు, నీడ అంచునా లేదు. చక్రాలు తిరగడం లేదు. మిగిలింది ఒకే పరీక్ష. కింది నుంచి క్షేత్రం వెంబడి ఎక్కే తరంగం ఒక దిశలోనే మెలి తిరుగుతుంది. మా యాంటెన్నాలు దాన్ని చెప్పగలవు. లెక్క తెర మీదికి వచ్చేవరకు ఇద్దరం నిలబడే ఉన్నాం. సరైన దిశే. అన్నిటికీ. నేను ఎపేలి చేతులు పట్టుకుని చిన్నపిల్లలా గెంతాను. కింది అంతస్తులో వాళ్ళు ఏమైందోనని పైకి పరుగెత్తుకొచ్చారు.

హెన్రిక్‌కు ఫోన్ చేశాను. అక్కడ పొద్దు వాలుతోంది.

"ఫలకాలు?" అన్నాడు.

"చూశాను."

"చక్రాలు?"

"చూశాను."

"మెలి?"

"సరైనదే."

"ఇంకొకసారి చూడు," అన్నాడు.

ముసలిదైన నౌక చివరికి శుక్రుడి మీద కూలేలోపు అలాంటి తలుపులు ఇంకొన్ని తెరుచుకున్నాయి. కొన్నిటిలో చిటుకులు ఉన్నాయి, కొన్నిటిలో లేవు. వ్యాసం రాసేటప్పుడు మా ఇద్దరికీ ఒక్క మాట దగ్గరే పోట్లాట. 'ఇవి మెరుపులే' అని రాస్తానన్నాడు అతను. 'కావచ్చు' అని రాయాలన్నాను నేను. ఎవరూ ఆ వెలుతురును కంటితో చూడలేదు కదా? వారం రోజులు పోట్లాడి 'కావచ్చు' అని వేశాం. నా జీవితంలో నేను గెలిచిన అతి పెద్ద తగువు అంత చిన్న మాట కోసం.

మార్తా ప్రసంగం

వ్యాసం అచ్చయ్యాక మమ్మల్ని గట్టిగా ఎదిరించినది మార్తా అనే యువ శాస్త్రవేత్త. ఆ చిటుకులు మెరుపులు కావనీ, సూర్యుడి నుంచి వచ్చే గాలి శుక్రుడి పైపొరలను రాసుకున్నప్పుడు అక్కడే పుట్టే తరంగాలనీ ఆమె వాదన. నేను పదవీ విరమణ చేసే ఏడాది సువాలో చిన్న సదస్సు పెట్టాం. అందులో మాట్లాడమని ఆమెను నేనే పిలిచాను. హెన్రిక్‌కు అది నచ్చలేదు. "నీ చివరి ఏడాది నీ ఊరికే పిలిచి తన్నించుకుంటావా?" అన్నాడు.

హాలులో ఎపేలి నా పక్కన లుంగీ లాంటి సులు కట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. మార్తా చక్కగా మాట్లాడింది. మా చిటుకులను ఒక్కొక్కటే తెర మీద వేసింది. ఆ రోజు సూర్యుడి గాలి ఎలా వీచిందో పక్కన చూపించింది. ఆ గాలితో సరిపోయిన ఒక్కొక్క దాన్నీ ఎర్ర గీతతో కొట్టేస్తుంటే నేను లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. సగానికి పైగా పోయాయి. ఆమె చెప్పింది సరైనదే, నాకు అక్కడికక్కడే అర్థమైంది. ఎపేలి నా మోచేతిని తాకి, "సేంగా, అన్నీ కాదు సిస్, ఇంకా ఉన్నాయి," అని గొణిగాడు.

ఆమె ముగించింది. చప్పట్లయ్యాక నేను లేచాను.

"చాలా బాగా చేశారు. మీరు గీత పెట్టినవన్నీ నేను వదులుకుంటున్నాను. తెర మీద గీత పడనివి కొన్ని మిగిలాయి. వాటిని కూడా మీ పద్ధతితో పరీక్షించారా?"

"పరీక్షించాను," అంది మార్తా. "ఎన్నో రకాలుగా. మూడు నెలలు వాటితోనే కూర్చున్నాను."

"ఏమయ్యాయి?"

ఆమె తెర వైపు తిరిగింది. గీత లేని ఆ చిటుకులను కాసేపు చూసింది. మళ్ళీ నా వైపు తిరిగినప్పుడు ఆమె ముఖంలో వాదించే మనిషి పోయి, ఏదో విన్న మనిషి కనిపించింది.

"అవి పోవడం లేదు," అంది. "అవి ఏమిటో నాకు తెలియదు."